దీపము చుట్టును తిరుగు పాట

ఊరు విడిచి దూరదేశమునకు పోవువాడు వెంట తీసికొనిపోగలిగినది మిక్కిలి స్వల్పము. పొలమును మూటగట్టుటకు వీలులేదు. చుట్టపక్కములు రేవువరకే సాగనంపుదురు. రెండు బట్టలు, ఒక చెంబు, త్రోవకు గుప్పెడు అటుకులు, ఇంతే వాని సామాను. కాని సుంకపుటధికారికి కానరాని సరకొకటి వానితోపాటు ఓడ యెక్కును. అది వాని ఊరి పాట.

రాజుల దండయాత్రలకు శాసనములున్నవి. సంధులకు పత్రములున్నవి. పాట ఏ యోడ నెక్కి ఏ రేవున దిగినదో తెలుపు శాసనము లేదు. అయినను పాడువారిని బట్టి ఆ దారిని పోల్చుకొనవచ్చును. అట్లు పోల్చుకొన్నచో ఒక వింత సంగతి తేలుచున్నది. ఊరు విడిచినవారు పాటను ప్రాణముగా కాపాడుకొనుటయు, ఊరిలో నిలిచినవారు దానిని మరచుటయు లోకమున పలుచోట్ల జరిగినవి. ఇందుకు రెండు నిదర్శనములు ముఖ్యముగా చెప్పదగినవి. మొదటిది మన విశాఖ మండల తీరమునుండి మారిషసు ద్వీపమునకు పోయిన తెలుగువారిది. రెండవది ఐరోపాకు పడమటి అంచుననున్న ఐర్లండు నుండి అమెరికాకు పోయినవారిది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, కొయ్యూరు వంటి మన్యపు గ్రామమున ఒక గ్రంథాలయము చేయవలసిన పని యేదో కూడ కొంత స్పష్టపడును.

రేవు వీడిన జనము

1833లో ఆంగ్లేయ ప్రభుత్వము తన రాజ్యమున బానిసత్వమును రద్దుపరచు చట్టము చేసెను. మారిషసులోని చెఱకుతోటల దొరలకు పనివారు కావలసివచ్చిరి. 1834 నవంబరు 2వ తేదీన 'అట్లాస్' అను ఓడ హిందూదేశపు కూలీల తొలి జట్టును ఆ ద్వీపమున దింపెను. అది మొదలు ఇరువదవ శతాబ్ది ఆరంభము వరకు సుమారు నాలుగున్నర లక్షలమంది మనదేశపు జనులు ఆ చిన్న ద్వీపమునకు చేరిరి. వారిలో అధికసంఖ్యాకులు బీహారు ప్రాంతమువారు. కాని మన తూర్పు తీరపు రేవులనుండి పోయిన తెలుగువారును వేలకొలది గలరు.

గోదావరి ముఖద్వారమున కోరంగి అను రేవు ఒకప్పుడు ఓడల నిర్మాణమునకు పేరుగాంచినది. 1839 నవంబరులో వచ్చిన గొప్ప తుపాను ఆ రేవును నాశనముచేసినది. రేవు పోయినను పేరు పోలేదు. మారిషసులోను, బర్మాలోను తెలుగువారిని చిరకాలము 'కోరంగీలు' అనియే పిలిచిరి. ఒక రేవు తానుండిన చోట అంతరించి, సముద్రము కావల మనుష్యుల పేరుగా బ్రదికినది.

వీరు ఏల పోయిరి? తీర్థయాత్రకు కాదు, వేడుకకు కాదు. 1832–33 నాటి డొక్కల కరువు, 1866 నాటి గంజాము కరువు, 1876–78 నాటి ధాత కరువు ఊళ్ళను ఊళ్ళుగా ఊడ్చివేసినవి. సీమ నూలు వచ్చి నేతగాని మగ్గమును నిలిపినది. పన్ను మాత్రము నిలువలేదు. అట్టి సమయమున ఐదేండ్ల ఒడంబడికమీద వ్రేలిముద్ర వేసి జనులు ఓడ లెక్కిరి. 1860 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేరిన 'ట్రూరో' ఓడ దక్షిణాఫ్రికాలోని నెటాలు చేరినది. 1903 మొదలు దక్షిణాదివారు ఫిజీ ద్వీపములకును పోయిరి. ఉత్తరాంధ్రమున 'రంగము పోవుట' యనగా బర్మాలోని రంగూనుకు పోవుటయే. మన్యపు కొండలనుండియు కొందరు అస్సాము తేయాకు తోటలకు తరలిరి. సముద్రాంతర ఒడంబడిక కూలికి జనులను చేర్చుట 1917లో ఆగినది. 1920 నాటికి ఆ పద్ధతియే అంతరించినది.

ఓడలో కులభేదము, ఊరిభేదము చాలవరకు కరగిపోయినవి. ఒకే ఓడలో వచ్చినవారు అన్నదమ్ములవలె మెలగిరి. చెఱకుతోటల బసలలో ఒక తెలుగు కుటుంబము ప్రక్కన భోజపురి కుటుంబము, ఆ ప్రక్కన తమిళ కుటుంబము, కొంచెము దూరమున ఆఫ్రికా సంతతివారు నివసించిరి. అందరికిని పనికివచ్చిన భాష ఫ్రెంచి మాటలనుండి పుట్టిన క్రియోలు. తాత తెలుగులో మాటలాడెను. తండ్రి తెలుగును అర్థము చేసికొనెను. మనుమనికి క్రియోలే మాతృభాష యైనది. నేడు మారిషసు తెలుగువారి యిండ్లలో చాలవాటియందు వాడుకభాష తెలుగు కాదు.

అయినను పాట నిలిచినది.

భజన ఎట్లు నిలిచెను?

మారిషసు తెలుగువారు తమదిగా చెప్పుకొను ప్రధాన కళ రామభజనము. నడుమ ఒక దీపము వెలిగింతురు. దాని చుట్టును నిలిచి, తాళములు, మృదంగము మ్రోయుచుండగా, ఒకరు చరణము నెత్తుకొన తక్కినవారు దానిని మరల పలుకుచు, అడుగులు కలిపి తిరుగుదురు. నిదానముగా మొదలైన నడక క్రమముగా వడియెక్కును. రాత్రి పొడవునను సాగుటయు గలదు. పాడువారిలో పలువురకు ప్రతి పదమునకు అర్థము తెలియదు. తెలుగు లిపి చదువరానివారు రోమను అక్షరములలో వ్రాసికొని పాడుదురు. కాని ఏ పదమువద్ద అడుగు వేయవలెనో, ఏ పదమువద్ద తిరుగవలెనో వారి పాదములకు తెలియును.

ఉత్తరాంధ్రమున ఏకాహము చూచినవారికి ఈ వర్ణన క్రొత్తకాదు. ఒక పగలు, ఒక రాత్రి తెగకుండ నామసంకీర్తనము చేయుట ఏకాహము. ఏడు దినములు చేసిన సప్తాహము. అక్కడను నడుమ దీపపు సెమ్మె యుండును; జట్లు మారుచు దాని చుట్టును తిరుగుచుందురు. ఇంకొంచెము దక్షిణమునకు పోయినచో, తంజావూరు సీమ భజనమఠములలో 'దివ్యనామము' అను పద్ధతి గలదు. అక్కడను దీపమును నడుమ నుంచి ప్రదక్షిణముగా పాడుచు ఆడుదురు. త్యాగరాజస్వామి వ్రాసిన దివ్యనామ కీర్తనలు, ఉత్సవసంప్రదాయ కీర్తనలు అట్టి భజనలకు ఉపయోగించునవియే.

ఈ మూడును ఒకే కుదుటినుండి వచ్చిన మొలకలు. పదునేడవ శతాబ్దిలో భద్రాచలమున కంచర్ల గోపన్న, అనగా రామదాసు, పామరులును పాడగలిగిన తెలుగు కీర్తనలు చెప్పెను. ఆ కీర్తనలు గోదావరి గట్టును దాటి కావేరి గట్టు చేరినవి. అంతకు పూర్వమే నాయకరాజుల కాలమున తెలుగు పండితులు, గాయకులు, భాగవతులు తంజావూరు సీమకు వలసపోయియుండిరి. మువ్వ గ్రామముపేర ప్రసిద్ధుడైన క్షేత్రయ్య పదములు అక్కడి ఆస్థానమున ఆదరము పొందినవి. మెలట్టూరున నేటికిని తెలుగు యక్షగానములు ఆడుచున్నారు. ఆడువారి యింటిభాష తమిళము. త్యాగరాజస్వామి 1767లో పుట్టి 1847లో సిద్ధిపొందెను. రామదాసును ఆయన తన కృతులలో స్మరించెను. ఆయన తిరువయ్యూరులో పాడుచున్న చివరి సంవత్సరములలోనే కూలీ ఓడలు సముద్రము దాటుచుండెను. ఒకే రామనామము ఒక శాఖగా విద్వత్సభ కెక్కినది. మరియొక శాఖగా చెఱకుతోట చేరినది.

పరదేశమున మరి యెన్నియో పోయి భజన మాత్రము నిలుచుటకు కారణములు గలవు. భజనకు శాస్త్రము చదివిన గురువు అక్కరలేదు. ఒకరు పలుక పదిమంది మరల పలుకు పద్ధతిలో రానివానికి వచ్చినవాడే గురువు. తాళములు ఉన్న చాలును. అవియు లేకున్న చేతులు గలవు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ పాటకు ఒక వేళ గలదు. ఉగాది, శ్రీరామనవమి, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మవారి పండుగ, ఇవి వచ్చినప్పుడెల్ల పాట పాడక తప్పదు. ఇంటిలోని మాట తప్పిపోయినను పండుగ తప్పలేదు. పండుగ తప్పనందున పాట తప్పలేదు.

పాట వెనుక సంఘమును నిలిచినది. దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడెను. మారిషసులో 1947లో ఆంధ్ర మహాసభ స్థాపితమైనది. ఆ దేశమున ఉగాది ప్రభుత్వపు సెలవుదినము. 1975లో హైదరాబాదున జరిగిన ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభల వరుసలో మూడవ సభలు 1990లో మారిషసులోనే జరిగినవి. దీపము చుట్టును తిరిగిన కూలివాని మనుమలు తెలుగు బడులు పెట్టుకొనిరి. వారికి పాట ముందు వచ్చినది. అక్షరము తరువాత వచ్చినది.

మరియొక తీరపు కథ

ఇట్టి కథయే అట్లాంటికు సముద్రపు తీరములమీదను నడచినది. ఐర్లండు ఉత్తరభాగమైన అల్స్టరు నుండి 1718 ప్రాంతము మొదలు 1775 వరకు లక్షకు మించిన జనులు అమెరికాకు పోయిరి. వారిలో పలువురు స్కాట్లండు నుండి ముందే అల్స్టరునకు వచ్చి స్థిరపడినవారి సంతతి. కౌలు పెరుగుట, పంటలు చెడుట, నారబట్టల నేతకు గిరాకి తగ్గుట వారి కష్టములు. మన తీరపు నేతగాని కథకును ఆ నేతగాని కథకును భేదము స్వల్పము. సముద్రతీరపు మంచిభూములు అప్పటికే ఇతరుల వశమైయుండుటచే, వీరు లోపలికి పోయి అపలేషియను కొండలలో అడవి నరికి బ్రదికిరి. అది రోడ్లు తక్కువైన మన్యపు సీమ. బయటి గాలి సోకుట తక్కువ గనుక తాతలనాటి పాటలు అక్కడ నిలిచినవి.

తరువాత 1845 మొదలు 1852 వరకు ఐర్లండులో బంగాళదుంప పంటకు తెగులుపట్టి ఘోరమైన కరువు వచ్చెను. సుమారు పదిలక్షలమంది మరణించిరి. అంతకు తక్కువకాని జనులు దేశము విడిచిరి. వీరిలో చాలమంది న్యూయార్కు, చికాగో వంటి పట్టణములు చేరిరి. కొండలకు పోయినవారి పాట కాలక్రమమున అమెరికా పల్లెసంగీతమైనది. దానినే నేడు 'కంట్రీ' సంగీత మందురు. పట్టణములకు పోయినవారు ఐర్లండు నృత్యసంగీతమును నిలుపుకొనిరి.

ఈ రెండు సంగీతములకు చుట్టరికము గలదని చెవియే చెప్పును. ఐర్లండు తిత్తివాద్యమున ఒక స్వరము ఎడతెగక మ్రోయుచుండును. మన తంబురా శ్రుతివంటిది. అపలేషియను ఫిడేలువాడు పాట వాయించు తీగతోపాటు ప్రక్క తీగనుకూడ కమాను తగులనిచ్చి అట్టి శ్రుతినే పుట్టించును. రెండు చోట్లను మన మోహనరాగమందువలె ఐదు స్వరములతోనే నడచు పాటలు విస్తారముగ గలవు. ఐర్లండు 'రీలు' మన చతురశ్రగతిని, 'జిగ్గు' తిశ్రగతిని పోలినవి. అమెరికా కొండలలో రీలు చక్కగా వేరూనినది. జిగ్గు చాలవరకు జారిపోయినది. వలస పోయిన పాటలో కొంత మిగులును, కొంత జారును అనుటకు ఇది నిదర్శనము. ఇక కథాగేయములు గలవు. ప్రేమించిన యువకుని మరణశయ్యపై నిరాకరించి, పిదప తానును ప్రాణము విడిచిన బార్బరా ఆలెను కథ అట్టిది. 1666 నాటికే లండనున వినబడిన ఆ గేయమును మున్నూరేండ్లకు పైగా సముద్రమున కిరువైపులను పాడుచునే యున్నారు.

సెసిల్ షార్పు అను ఆంగ్లేయుడు 1916 మొదలు 1918 వరకు ఆ కొండలలో తిరిగి సుమారు 1,600 వరుసలను స్వరలిపిలో వ్రాసికొనెను. తన దేశమున ముసలివారుకూడ మరచిన పాటలు అక్కడ పిన్నలుకూడ పాడుచుండుట చూచి ఆయన ఆశ్చర్యపడెను.

వేరు ఒకటి కాదు

అయితే ఇచ్చట ఒక పొరపాటును తప్పించుకొనవలెను. అమెరికా పల్లెసంగీతము ఐర్లండువారి సొత్తని చెప్పుట సత్యము కాదు. అందు ఆంగ్లేయుల గేయములున్నవి; స్కాట్లండు వరుసలున్నవి. ఆ సంగీతమునకు గుర్తుగా నిలిచిన బాంజో వాద్యము ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారిది. తోలు బిగించిన సొరకాయ బుర్రలతో వారు చేసికొన్న వాద్యమే దానికి మూలము. దొరల యింట ఫిడేలు వాయించినవారిలోను ఆ బానిసలు పలువురు గలరు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఆ బాంజో ఓడ యెక్కి ఐర్లండుకు పోయినది. నేడు ఐర్లండు సంగీతమేళములలో అది యింటివాద్యమువలె మ్రోగుచున్నది. బిడ్డ యింటినుండి పుట్టింటికి సారె వచ్చినట్లు, పాటతోపాటు వాద్యము వెనుకకు నడచినది.

మన భజనలోని హార్మోనియము సంగతియు నిట్టిదే. 1840 ప్రాంతమున ఫ్రాన్సుదేశమున రూపొందిన ఆ పెట్టె మన దేశము చేరి, నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి నాడించుచు వాయించుటకు అనువుగా మారెను. ఈనాడు హార్మోనియము లేని భజనమందిరము అరుదు. అది పరాయిదని ఎవ్వరును అనుకొనరు. మారిషసులోను తెలుగు భజన భోజపురి పాటల సరసన, ఆఫ్రికా సంతతివారి సెగ పాట సరసన పెరిగినది. వృక్షమునకు తల్లివేరు ఒకటి యుండవచ్చును. కాని నీరు త్రావునవి అన్ని వేళ్ళును. పాట విషయమునను అంతే.

కలము, చెవి

పాటను నిలుపుటకు ఏమి కావలెను? దీనికి చరిత్రలో మూడు ఉదాహరణములు గలవు.

మొదటిది తాళ్ళపాక అన్నమాచార్యులది. 1408లో పుట్టి 1503లో పరమపదించిన ఆ మహాకవి కీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపరచిరి. అవి 1922లో వెలుగుచూచినవి. వేలకొలది కీర్తనలు, ఒక్కొక్కదాని తలపై రాగము పేరుతోసహా, చెక్కుచెదరక యుండెను. కాని ఆయన వాటిని ఏ వరుసలో పాడెనో మాత్రము చాలవరకు తెలియదు. పాడువారి పరంపర తెగిపోయినది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన విద్వాంసులు క్రొత్తగా స్వరములు కూర్చవలసివచ్చెను. రాగిరేకు మాటను కాపాడినది, వరుసను కాపాడలేకపోయినది. మారిషసు భజనలో దీనికి విపర్యము కానవచ్చును. అక్కడ వరుసయు, అడుగును నిలిచినవి, మాట అరిగినది.

రెండవది ఫ్రాన్సిస్ ఓనీలు అను ఐర్లండువానిది. 1848లో కార్కు మండలపు పల్లెలో పుట్టి, పడుచుతనమున ఓడలపై తిరిగి, చికాగో చేరి పోలీసు ఉద్యోగమున ప్రవేశించి, 1901 మొదలు 1905 వరకు ఆ నగరపు పోలీసు ప్రధానాధికారిగా నుండెను. చిన్ననాట ఊరిలో విన్న పాటలు ఆయనను విడువలేదు. తన ఊరివారు, పొరుగూరివారు, తన క్రిందిజవానులు పాడిన వరుసలను సేకరించెను. ఆయనకు స్వరలిపి వ్రాయు నేర్పు లేదు. జేమ్స్ ఓనీలు అను మరియొక పోలీసు ఫిడేలుపై విని వ్రాసిపెట్టెను. 1903లో 1,850 వరుసలతో ఆ గ్రంథము వెలువడెను. కరువునకు, వలసకు గురియై చెదరిన ఐర్లండునకు తన పాటల పెద్దపుస్తకము పరదేశపు పోలీసు ఠాణానుండి వచ్చినది. నేటికిని ఐర్లండు వాదకులు ఆ పుస్తకమును మూలగ్రంథముగా వాడుదురు.

మూడవది అమెరికా కొండలది. 1927లో టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రముల సరిహద్దుననున్న బ్రిస్టలు పట్టణమున రాల్ఫ్ పియరు అను రికార్డుల వ్యాపారి పల్లెపాటలను రికార్డులకెక్కించెను. కంట్రీ సంగీతము దేశమంతట వినబడుటకు అది తొలిమెట్టు. అక్కడ పాడిన కార్టరు కుటుంబపు పెద్ద తరువాతి కాలమున పాటలకై ఊరూర తిరిగెను. ఆయన వెంట లెస్లీ రిడిల్ అను నల్లజాతి గాయకుడు పోయెను. ప్రమాదమున ఒక కాలు పోగొట్టుకొన్నవాడు. కార్టరు మాటలను కాగితముపై వ్రాసికొనుచుండ, రిడిల్ వరుసను మనసున పట్టుకొనుచుండెను. ఒకరిది కలము; మరియొకరిది చెవి. రెండును కలిసినప్పుడే పాట పూర్తిగా చేతికందెను.

ఇంటనున్న పాట

ఇప్పుడు మన కొండలవైపు చూపు త్రిప్పవలెను. కొయ్యూరు పేరు దేశచరిత్రలో నిలిచియున్నది. 1922 ఆగస్టులో ఆరంభమైన మన్యపు తిరుగుబాటు, 1924 మే 7వ తేదీన అల్లూరి సీతారామరాజు ఇచ్చట తుపాకికి బలియగుటతో ముఖ్యఘట్టము ముగించుకొన్నది. ఆ కథను పత్రములలో ప్రభుత్వము ఒకవిధముగ వ్రాసికొన్నది. జనులు మరియొకవిధముగ పాడుకొనిరి. బుర్రకథగా, పల్లెపాటగా అది అక్షరము రానివారి యింటికిని పోయినది. 2022లో ఏర్పడిన క్రొత్తజిల్లాకు ఆ వీరుని పేరే పెట్టబడినది. కొయ్యూరు నేడు ఆ జిల్లాలోనిదే.

మన్యపు థింసాను చూడుడు. తుడుము, డప్పు, మోరి మ్రోయుచుండ స్త్రీలు నడుములు పట్టుకొని వలయముగా తిరుగుదురు. ఇదే ఆటను సరిహద్దు కావల కొరాపుట్టులోను ఆడుదురు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు కొరాపుట్టు విశాఖపట్టణము జిల్లాలోనిదే. గీత గీచినవారు భూమిని విభజించిరి, ఆటను విభజింపలేదు. సముద్రము దాటి నిలిచిన చుట్టరికము వలెనే కొండ దాటి నిలిచిన చుట్టరికమిది.

కాని ఇంటనున్నవారి పాటకు ఒక ప్రమాదము గలదు. మన పల్లెపాటలలో అధికభాగము పనిపాటలు. రోకటి పోటునకు దంపుళ్ళపాట, తిరుగలికి విసురుపాట, మళ్ళలో ఊడ్పుపాట, ఏతమువద్ద ఏతపుపాట. బియ్యపుమర వచ్చినది, స్త్రీల రెక్కలకు విశ్రాంతి లభించినది. అది మేలే. దానిని కాదనుట న్యాయము కాదు. కాని రోకలి మూలకు చేరిననాడే దంపుళ్ళపాటయు మూలకు చేరినది. ఎవ్వరును దానిని చంపలేదు. దానికి వేళ లేకపోయినది, అంతే. మారిషసులో పండుగ నిలిచినందున పాట నిలిచినదని ముందే చెప్పబడినది. ఇచ్చట పని పోయినందున పాట పోవుచున్నది. భాష చెడక నిలిచిన మన యింటనే పాట మరుగగుట, భాష పోయిన వారి యింట పాట నిలుచుట, ఈ రెండును ఒకే న్యాయమునకు రెండు వైపులు.

తెలుగు పల్లెపాటలను శాస్త్రీయముగా పరిశీలించిన బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయసాహిత్యము' 1958లో వెలువడినది. అట్టి పెద్దలు దారి చూపిరి. కాని ఒక్కరు దేశమంతయు తిరిగి ప్రతి గడపలోని పాటను ఎత్తుకొనలేరు. ప్రతి ఊరి పాట ఆ ఊరిలోనే ఒక చోట చేరవలెను. పైగా మన్యమున లిపి లేని భాషలలోని పాటలును గలవు. వాటికి రాగిరేకులు లేవు, తాళపత్రములు లేవు. ముసలివారి గొంతుకయే వాటి గ్రంథాలయము.

గ్రంథాలయ రజతోత్సవ మనగా ఇరువదియైదేండ్లు. మానవుని లెక్కలో అది ఒక తరము. ఈ వ్యవధిలో చదువనేర్చినవారు పెరిగిరి, పుస్తకములు పెరిగినవి. ఆ లెక్క సంతోషకరము. ఈ వ్యవధిలోనే ఎందరు పాడనేర్చినవారు కన్నుమూసిరో ఆ లెక్కయు వేయవలసియున్నది. పని కష్టమైనది కాదు. ఓనీలునకు రాని స్వరలిపి మనకును రానక్కరలేదు. ఒక పుస్తకమున పాట మాటలు, పాడినవారి అనుమతితో వారి పేరు, ఊరు, ఏ పనివేళ, ఏ పండుగవేళ పాడుదురో వ్రాసియుంచవలెను. వరుసను పట్టుటకు నేడు దాదాపు ప్రతి యింట సెల్‌ఫోను గలదు. కలము ఒక చేత, చెవి మరియొక చేత నున్న కాలమిది. అటుపై ఆ పాటకు ఒక వేళ కల్పించవలెను. ఏడాదికొక సాయంకాలమైనను గ్రంథాలయపు ముంగిట పెద్దలు పాడగా పిన్నలు వంత పలికినచో, పుస్తకములోని మాటకు ప్రాణము నిలుచును.

మారిషసులోని మహాత్మా గాంధీ సంస్థలో ఆనాటి కూలీల పట్టికలు భద్రముగా నున్నవి. అందు మనుష్యుని పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామము వ్రాయబడియున్నవి. ఆ పట్టికల సాయమున తాతల ఊరు వెదకుకొనుచు వచ్చువారు గలరు. వారు సింహాచలము మెట్లెక్కుదురు. ఊరి పేరు చెప్పి దారి యడుగుదురు. పొలము ఎవరిదో, ఇల్లు ఏమైనదో వారికి తెలియకపోవచ్చును. కాని వారికి ఒక పాట తెలియును. ఆ పట్టికలో అన్నిటికిని గడులున్నవి. పాటకు గడి లేదు. ఆ గడిని నింపవలసినది ఇంటనున్నవారు. దీపము చుట్టును తిరుగుచు దూరపు చుట్టము ఒక చరణము నెత్తుకొన్ననాడు, వంత పలుకుటకు ఈ గట్టున ఒక్క గొంతుకయైనను మిగిలియుండవలెను.